‘ఉంట మరి’ అన్న మాట వెంట

తిరిగొచ్చాక మా గుడివాడలో ఎదురైన ప్రతివాళ్లూ ఒకటే అడిగారు: "కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ... అక్కడ చూడ్డానికేముందండీ?" హైదరాబాదు బస్సులో కునుకు తీస్తూ దాటేసే ఊళ్లని వాళ్ల ఉద్దేశం. ఇన్నేళ్లూ నేనూ అలాగే దాటేశాను. ఈసారి దిగాను. దిగి, ఒక కంపెనీ అందరి ముందూ తప్పు ఒప్పుకుంటుంటే కళ్లారా చూసి, జాడీడు మామిడికాయ తొక్కుతో తిరిగొచ్చాను. ఒప్పించింది మునగాల దగ్గర బర్రెల్ని మేపుకునే సైదమ్మ. నేను పక్కన నిలబడ్డదాన్ని. అయినా ఈ రాత కాస్త గొప్పలు చెప్పుకుంటున్నట్టు వినిపిస్తే వినిపించనివ్వండి, నాకు ఆ సంతోషం ఇంకా దిగలేదు.

మా ఊరి వినియోగదారుల సంఘంలో అర్జీలు రాసిపెట్టడం నా పని. జీతం లేదు, తగాదాలంటే సరదా ఉంది. సూర్యాపేటలో ఇలాంటి సంఘానికే కార్యదర్శి అయిన రామచంద్రయ్య గారు ఒకరోజు ఫోన్ చేశారు. పాడి పశువుల జబ్బులకి ఫోన్లో సలహా చెప్పే కంపెనీ ఒకటుంది, దాని ఆఫీసు మా వైపే, విజయవాడలో. మునగాల దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్లు అందులో చేరారు. కొన్నాళ్లకి మానేస్తామన్నారు. కంపెనీ మాత్రం, "మీ అందరి తరఫునా మాట్లాడిన సైదమ్మే ఉంటానని చెప్పింది, ఆమె గొంతు మా దగ్గర రికార్డయి ఉంది" అంటోంది. సైదమ్మేమో నేనలా అనలేదు మొర్రో అంటోంది. ఆ కంపెనీవాళ్లు మిర్యాలగూడలో రైతుల సమావేశం పెడుతున్నారట. అక్కడే తేల్చుకుందాం, మీరూ రండి అని ఆయన పిలుపు.

కంపెనీ పేరు రాయను. ఇప్పుడు బుద్ధిగా ఉంటోంది, ఉండనిద్దాం.

కోదాడ: గీడ అంటే ఎక్కడ?

సైదమ్మ బర్రెకు మందు కొనడానికి కోదాడ వస్తానంది, బస్టాండులో కలుద్దామంది. నేను బస్సు దిగి ఫోన్ చేశాను.

"గీడ్నే ఉన్న మేడం. గీడికి రా!"

"గీడ అంటే ఎక్కడండీ?"

"గీడనే, చాయ్ బండి కాడ. నువ్వు గాడ ఉన్నవా?"

గీడ అంటే ఇక్కడ, గాడ అంటే అక్కడ అని నాకు తెలుసు. ఎవరి ఇక్కడ, ఎవరి అక్కడ అన్నదే తేలలేదు. చాయ్ బండ్లు చూస్తే ఒకటా రెండా! బస్టాండంతా చుట్టి, ఒక అరటిపళ్లావిడను సైదమ్మ అనుకుని పలకరించి, ఆవిడ మొహమాటానికి పళ్లు కూడా కొని, చివరికి మొదట దిగిన చోటికే వచ్చాను. సైదమ్మ అక్కడే నిలబడి ఉంది. నేను అటు వెతకబోతే ఆమె నన్ను వెతుకుతూ ఇటు వచ్చిందట.

"సైదమ్మ గారేనా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "నన్నేనా! గారు అంటే ఎవల్నో పిలుస్తున్నవనుకున్న" అని పకపకా నవ్వింది. మా వైపు పాలుపోసే అబ్బాయిని కూడా గారు తగిలించి పిలుస్తాం, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు. ఇక్కడ నువ్వు అంటూనే బోలెడంత గౌరవం ఇస్తారని నాకు మెల్లగా గానీ తలకెక్కలేదు. చాయ్ తాగి లేచేసరికి నేను మేడం నుంచి ‘ఆంధ్రక్క’నయ్యాను. ప్రయాణం ముగిసేదాకా అదే పేరు.

చాయ్ బండి ఆయన నాతో "ఇంకేం కావాలండీ?" అని, సైదమ్మతో "ఇగ నీకేం గావాలె?" అని ఒకే ఊపులో అడిగాడు. సరిహద్దు ఊరు కదా, కోదాడవాళ్లకి రెండు వైపుల మాటలూ నోటినిండా ఉంటాయి. చాయ్ పది రూపాయలు. గ్లాసు మా ఊరి గ్లాసుకన్నా చిన్నది, అల్లం మాత్రం దండిగా పడింది.

ఆ ఘాటులోనే అడిగేశాను. "నిజం చెప్పండి సైదమ్మా. ఉంటానని నోరు జారలేదు కదా?"

"బందు వెట్టుమని సెప్పిన అక్కా. నా బర్రె మీద ఒట్టు."

అర్జీలు రాసే పనిలో ఒట్లు చాలా విన్నాను. పిల్లల మీద వేస్తారు, దేవుళ్ల మీద వేస్తారు. పాలిచ్చే బర్రె మీద వేసిన మనిషిని మొదటిసారి చూశాను. ఆమెను సగం అక్కడే నమ్మాను. మిగతా సగం రికార్డు విన్నాక చూద్దామనుకున్నాను.

మునగాల: రెండు ఫోన్లు, ఒక లచ్చిమి

మునగాలలో హైవే మీద దాబాలు, లారీలు, హారన్లు. ఆటో పక్కదారి పట్టిందో లేదో ఆ చప్పుడంతా వెనకబడిపోయింది. కోతల కాలం. ఆరబోసిన వడ్లు రోడ్డులో సగం ఆక్రమించాయి. ఆటో అతను ఒక్క గింజ తొక్కకుండా పక్కపక్కనుంచి పోనిచ్చాడు, నా నడుం సంగతి మాత్రం పట్టించుకోలేదు.

సైదమ్మ ఇంట్లో జొన్నరొట్టె, వంకాయ కూర, అన్నంలోకి పచ్చిపులుసు. చింతపండు రసంలో పచ్చి ఉల్లిగడ్డ, మిర్చి నలిపి వేసిన పులుసు. నేను ఒక ముద్ద తిని, "ఇది కాగినట్టు లేదండీ, కాస్త పొయ్యి మీద పెడతారా?" అన్నాను. సైదమ్మ నా వంక జాలిగా చూసింది. "కాగవెడ్తే పచ్చిపులుసు ఎట్లయితది అక్కా?" తప్పు ఒప్పుకుని మూడుసార్లు పోయించుకున్నాను. మా ఇంట్లో చారు మరగకపోతే గొడవలవుతాయి, ఇక్కడ మరిగితే గొడవ.

తిన్నాక లచ్చిమి సంగతి చెప్పింది.

"మొదట్ల మంచిగనే ఉండె. ఎప్పుడు ఫోన్ జేసినా ఎత్తుతది. ‘నమస్తే అమ్మా, నేను లక్ష్మిని, మీ పశువు ఎలా ఉంది’ అంటది. సక్కని గొంతు. డాక్టరు సారు దూరముంటడు, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతడా? గీ పిల్ల దొరుకుతది. నేనే అందరిని చేర్పిచ్చిన."

ఫోన్ ఎత్తిన మనిషిని బాగోగులు అడక్కుండా పనిలోకి దిగడం ఇక్కడివాళ్లకి చేతకాదు. "తిన్నవా బిడ్డా?" అని అడిగేవాళ్లు. "తిన్నానమ్మా, మీరు తిన్నారా?" అనేది లక్ష్మి. సైదమ్మ పక్కింటి నాగమ్మ అంతటితో వదిలేది కాదు, ఏం కూర అని కూడా అడిగేది. టమాటా పప్పు అని జవాబు వచ్చేదట. వీళ్లందరికీ ఆమె లచ్చిమి అయిపోయింది. ఎక్కడో ఆఫీసులో కూర్చుని రోజూ టమాటా పప్పు తినే ఆడపిల్ల అనుకున్నారు.

ఒకనాడు సైదమ్మా నాగమ్మా ఒకే మంచం మీద కూర్చుని, ఎవరి బర్రె గురించి వాళ్లు ఎవరి ఫోన్లోంచి వాళ్లు ఒకేసారి చేశారు. ఇద్దరికీ లచ్చిమే పలికింది.

"నేను తిన్నవా అంటే తిన్నానమ్మా అన్నది. పక్కనే నాగమ్మతోని ఇంకా తినలేదమ్మా అన్నది. ఒక్కటే గొంతు, ఒక్కటే పారి! ఇద్దరం ఒకల మొకం ఒకలం సూసుకున్నం. నాగమ్మ చేతుల ఫోన్ కిందవడ్డది."

నేను నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. సైదమ్మ నవ్వలేదు.

"మిషిని అయితే మిషిని అని సెప్పొద్దా అక్కా? మిషినితోని మాట్లాడనీకి మాకేం సిగ్గు? తిన్న అని ఎందుకు సెప్పాలె? తిండి కాడ అబద్ధమాడినదాని మాట వట్టుకొని నా బర్రెకు మందెట్ల తాపాలె?"

అదీ కారణం. సలహా తప్పయిందని కాదు, నమ్మకం పోయిందని మానుకున్నారు. అందరి తరఫునా సైదమ్మే ఫోన్ చేసి బందు పెట్టమంది. చెప్పేశానని అందరికీ చెప్పింది. అయినా ప్రతినెలా అందరి ఫోన్లలోంచి డబ్బు కోత ఆగలేదు. కంపెనీని అడిగితే మీ సైదమ్మే ఉంటానందని జవాబు. ఆ మాటతో ఊళ్లో చూపులు మారాయి. కమీషన్ తిని మమ్మల్ని ఇరికించిందని ఒకరన్నారు, మిగతావాళ్లు అనకుండా ఊరుకున్నారు.

మేం అరుగు మీద మాట్లాడుకుంటూ ఉండగానే నాగమ్మ పాలక్యాను పట్టుకుని ముందునుంచి వెళ్లింది. ఇటు చూడలేదు.

"మొన్నటిదాక నా చేతి చాయ్ తాగంది పాలు పొయ్యనీకి పోకపోయేది" అంది సైదమ్మ. తర్వాత నెమ్మదిగా, "పైసలు పోతే పోనియ్ అక్కా. నా మాట పోయింది. గది తెచ్చియ్యి నాకు" అంది.

ఇలాంటిది అర్జీలో ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

సాయంత్రం నేనే నాగమ్మ ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది, సైదమ్మ పేరెత్తితే మాత్రం ముఖం తిప్పుకుంది. గూట్లో మూతికి గుడ్డ కట్టిన చిన్న జాడీ ఉంది. అదేమిటన్నాను.

"మామిడికాయ తొక్కు. లచ్చిమికి పంపుదమని తీసివెట్టిన" అంది. "రోజూ పప్పే తింటదంటే పానం ఆగలేదు. ఆఫీసు అడ్రసు అడిగితే సెప్పకపోయేది. నేను పిచ్చిదాన్ని."

ఆ జాడీని చూశాక నాకు కంపెనీ మీద కోపం నిజంగా వచ్చింది. అప్పటిదాకా ఉన్నది సరదా.

"సైదక్క కమీషన్ తిన్నదని నేను అనలే మేడం" అంది నాగమ్మ గుమ్మం దాకా వచ్చి. "అడుగుదమంటే నోరు రాకపాయె. అడిగినంక అవునంటే ఏం జెయ్యాలె?"

సూర్యాపేట: ఉంటానని వెళ్లిపోయిన మనిషి

మర్నాడు సైదమ్మా నేనూ సూర్యాపేట వెళ్లాం. దగ్గర్లోని పిల్లలమర్రి గుళ్లు చూసి తీరాలని ఇంటి దగ్గర ఎంతోమంది చెప్పి పంపారు. నేను చూసినవి సూర్యాపేట ట్రాఫిక్కు, రామచంద్రయ్య గారి ఆఫీసు మెట్లు. ఆయన రిటైరైన లెక్కల సారు. ఆఫీసంటే బట్టల దుకాణం మీద ఒక గది, రెండు బెంచీలు, ఒక కంప్యూటరు. అడగంగా అడగంగా కంపెనీ ఆ రికార్డును అప్పుడే పంపిందట.

"విందామా?" అన్నారు. సైదమ్మ బెంచీ అంచున కూర్చుని చేతులు రెండూ ఒళ్లో బిగించింది.

లక్ష్మి గొంతు నిజంగానే చక్కగా ఉంది. "మీరు మా సేవలో ఉంటారా, మానేస్తారా? చెప్పండమ్మా."

తర్వాత సైదమ్మ గొంతు: "మా అందరియి బందు వెట్టు బిడ్డా."

"క్షమించండి, అర్థం కాలేదు. ఉంటారా, మానేస్తారా?"

"అదే, బందు వెట్టుమంటున్న. సెప్పిన గద. సరే బిడ్డా, ఉంట మరి."

"ధన్యవాదాలమ్మా. మీరు ఉంటున్నారు."

అయిపోయింది. బందు అన్న మాట ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదని నాకు తెలిసింది, కానీ ఆ చివరి మాట? ఉంట. ఆమె నోటితో ఆమె అన్నదే. కంపెనీ చెప్పింది నిజమేనా అని నాకు నీరసం వచ్చింది. సైదమ్మ, "నేనెప్పుడన్న? ఎందుకన్న?" అంది తనలో తనే.

అప్పుడే రామచంద్రయ్య గారి ఫోన్ మోగింది. కింద దుకాణం ఆయనెవరో పిలుస్తున్నారు. "ఆఁ తమ్మీ... వస్తున్న... ఆఁ, సరే, ఉంట మరి" అని ఫోన్ జేబులో వేసుకుని, చెప్పులు వేసుకుని, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఉంటానన్న మనిషి వెళ్లిపోయాడు.

నేను సైదమ్మ వంక చూశాను. సైదమ్మ నా వంక చూసింది. ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం. "సారూ! సారూ!" అని ఆమె మెట్ల దగ్గరికి పరుగెత్తి ఒకటే కేకలు. పాపం ఆయన, పైన ఏదో కాలిపోతోందనుకుని ఆయాసపడుతూ వచ్చారు. "ఇప్పుడు మీరేమన్నారు?" అన్నాను. "ఏమన్న?" అన్నారాయన. ఆయనకీ తెలియదు! అదే అందులోని తమాషా. ఫోన్ పెట్టేసేముందు ఉంట మరి అంటామని మనలో ఎవరికీ తెలియదు, అనేస్తామంతే. మా వైపు మేమూ "ఉంటానండీ" అనే పెట్టేస్తాం. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అంటున్నాను, ఒక్కసారైనా ఆ మాటని తిప్పి చూడలేదు. ఇక పెట్టేస్తున్నాను, సెలవు అని చెప్పడానికి మనం వాడే మాట ఉంటాను అన్నది. దాన్ని పట్టుకుని ఆ యంత్రం వీళ్లందర్నీ ఉంచేసింది.

ఆ పూట రామచంద్రయ్య గారు మమ్మల్ని మెస్సుకి తీసుకెళ్లి మటన్ పెట్టించారు. కారం దంచేశారు, నా కళ్లవెంట నీళ్లు. సైదమ్మ కళ్లవెంట కూడా నీళ్లే, ఆమెది కారానికి కాదు.

మిర్యాలగూడ: ఊపిరి బిగబట్టిన హాలు

మిర్యాలగూడ రాకముందే దాని వాసన వస్తుంది. ఉడికిన వడ్ల వాసన. రైసుమిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి, గాలిలో సన్నటి పొట్టు. నేను ఆ రోజుకని దాచుకున్న నేతచీర కట్టుకుని ఆటో దిగేసరికి భుజం మీద ఒక పొర తవుడు చేరింది. దులుపుకుంటే కళ్లలో పడింది. సమావేశంలో మొదటి కాసేపు నేను ఒంటికన్నుతో చూశాను.

అది ఒక ఫంక్షన్ హాలు. వేదిక మీద ఎవరిదో పెళ్లికి కట్టిన పూలు ఇంకా వేలాడుతున్నాయి, వాటి కింద కంపెనీ బ్యానరు. వచ్చినవాళ్లకి ఉప్మా, చాయ్. చుట్టుపక్కల పాడి రైతులు బాగానే వచ్చారు. సైదమ్మ ఊరి ఆడవాళ్లు ట్రాలీ ఆటోలో వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. నాగమ్మ కూడా ఉంది, చివరి కుర్చీలో.

కంపెనీ మేనేజరు కిరణ్ కుర్రవాడు, మాట మంచిది. లక్ష్మి రాత్రీ పగలూ అలసిపోదని, రైతుల నమ్మకమే తమ పెట్టుబడని చెబుతున్నాడు. నమ్మకం అన్న మాట వినగానే సైదమ్మ లేచింది. వేదిక మెట్టు దగ్గర చెప్పులు విడిచి పైకెక్కింది.

"సారు, నేను సైదమ్మను. నేను ఉంట అన్ననని మీరు మా వాళ్లందరికి సెప్తున్నరు."

కిరణ్‌కి పేరు గుర్తుంది. "అవునమ్మా, మీ మాటే కదా. మేం సొంతంగా ఏదీ చేర్చలేదు. వినిపించమంటారా?"

"వినిపియ్యి."

హాలంతా మోగింది: "సరే బిడ్డా, ఉంట మరి." కొందరు నవ్వారు. వెనక వరసల్లోంచి మాత్రం ఒకావిడ, "అన్నది గద! నోటితోని అన్నది!" అంది. నాగమ్మ తల దించుకుంది. సూర్యాపేట గదిలో మాకు అంత తేటగా కనిపించింది ఇక్కడ ఎలా చూపించాలి?

సైదమ్మ తొణకలేదు. "మీదే ఊరు సారు?"

"అనంతగిరి. కోదాడ దగ్గర."

"అమ్మ ఉన్నదా ఊళ్లె?"

"ఉంది. ఎందుకమ్మా?"

"గీ మైకు కాడ వెట్టి అమ్మకు ఫోన్ జెయ్యి. గీడ సంగతి ఏం జెప్పకు. మంచిగున్నవా అని అడుగు, సాలు."

అతను నవ్వి తప్పించుకోబోయాడు. హాలు ఊరుకోలేదు. "చెయ్యి సారు! అమ్మకు చేసెటందుకు ఏంది భయం!" అని నలువైపులా అరుపులు. చేశాడు.

"ఏం నాయనా, ఈ టైములో చేసినవ్? తిన్నవా?" అంది స్పీకర్లలోంచి ఆ తల్లి.

హాలు గొల్లుమంది. కిరణ్ ఎర్రబడ్డాడు. "తిన్నానమ్మా."

"గొంతేంది అట్ల మోగుతున్నది? జలుబు చేసిందా?"

"లేదమ్మా, మీటింగ్‌లో ఉన్నాను."

"దోసకాయలు బాగా కాసినయి. ఆదివారం వస్తవా?"

"చూస్తానమ్మా."

"చూస్తా అంటే రానట్టే. సరే, మంచిది."

ఆగింది. మంచిది అని పెట్టేస్తే అంతా పోయినట్టే. సైదమ్మ కళ్లు ఆ ఫోన్ మీదే ఉన్నాయి. రామచంద్రయ్య గారు నా పక్కన పెదవులు కదుపుతూ ఆ రెండు మాటల్నీ లోలోపల పలుకుతున్నారు, వినబడితే ఆవిడ అందుకుంటుందేమో అన్నట్టు. హాల్లో ఒక్కరూ ఉప్మా నమలడం లేదు.

"ఆఁ, ఇంకోటి" అంది ఆవిడ. "టైముకు తిను. పని చూసుకో నాయనా. ఉంట మరి."

ఫోన్ కట్టయింది.

ఆ అరుపులు, ఆ చప్పట్లు మీరు విని ఉండాల్సింది. ముసలాయన ఒకరు కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపారు. నేను కూడా అరిచాను, ఏమని అరిచానో తెలియదు. సైదమ్మ అదంతా తగ్గేదాకా ఆగి, మైకులో మెల్లగా అడిగింది:

"సారు, మీ అమ్మ ఉన్నదా, ఫోన్ వెట్టిందా?"

కిరణ్ చేతిలో ఫోన్ చూసుకున్నాడు. నవ్వేశాడు. "పెట్టేసిందమ్మా."

"నేను గూడ గంతే."

ఇంకేం చెబుతాడు? కావాలని చేయలేదన్నాడు, నేను నమ్మాను. ఏఐ విషయంలో గట్టి రూల్స్ ఇంకా రాలేదు కదండీ, మేమూ నేర్చుకుంటున్నాం అన్నాడు. దానికి సైదమ్మ, "రూలు వచ్చినంకనే నిజం మాట్లాడుతరా సారు? ముందుగాల మొదలువెట్టుండ్రి" అంది. రామచంద్రయ్య గారు లేచి అడగాల్సింది అడిగారు. మాట్లాడేది యంత్రమైతే మొదటి మాటే ఆ సంగతి చెప్పాలి. మానుకుంటామన్నవాళ్లని ఒక్క మాట పట్టుకుని ఆపకూడదు, అర్థం కాకపోతే మనిషిని పిలవాలి. కిరణ్ పక్కకి వెళ్లి పెద్దవాళ్లతో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. ఒప్పుకున్నారన్నాడు. సైదమ్మ ఊరివాళ్లందరినీ ఆ సేవలోంచి అక్కడే తీసేసి, తప్పు మా యంత్రానిది, సైదమ్మ గారిది కాదు అని మైకులో చెప్పాడు. గారు అన్నాడు. ఈసారి సైదమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె వేదిక దిగేసరికి నాగమ్మ ఎదురొచ్చి ఉంది. ఆమే ముందుగా, "అడగకపోతిని సైదక్కా, తప్పయింది" అంది. సైదమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "చాయ్ తాగుదం రా" అంది. ఇద్దరూ ఒకే చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగారు. నేను ఏడ్చాను. కంట్లో తవుడు పడిందని చెప్పుకోవచ్చు గానీ అబద్ధం ఎందుకు, సంతోషానికే ఏడ్చాను.

తిరుగు దారి: లచ్చిమి జాడీ

బస్సెక్కేముందు నాగమ్మ నా సంచిలో ఆ జాడీ పెట్టింది. "లచ్చిమికి నోరు లేదంట గద. నువ్వు తిను" అంది. మా వైపు ఆవకాయ అంటే ఆవపిండి ఘాటు ముందు తగలాలి. ఇందులో అల్లంవెల్లుల్లి ముందుంది, ఆవ వెనక నిలబడింది. ఇంట్లోవాళ్లు మొదట ముక్కు విరిచారు, ఇప్పుడు జాడీ నేనే దాచుకోవాల్సి వస్తోంది.

రామచంద్రయ్య గారు ఈ సంగతంతా ప్రభుత్వానికి రాసి పంపారు. రూల్స్ రాసేవాళ్ల బల్లమీద మన ఉంట మరి కూడా ఒకటి ఉండాలని ఆయన పట్టుదల.

మొన్న నేను మధ్యాహ్నం అన్నంలో ఆ తొక్కే కలుపుకుంటుంటే సైదమ్మ ఫోన్.

"తిన్నవా ఆంధ్రక్కా?"

"తింటున్నాను, లచ్చిమి తొక్కు."

పగలబడి నవ్వింది. తర్వాత అసలు కబురు చెప్పింది. నాగమ్మ తనంతట తనే లచ్చిమి సేవలో మళ్లీ చేరిందట. ఫోన్ ఎత్తగానే "నేను యంత్రాన్ని, మనిషిని కాను" అంటోందట ఇప్పుడు. నాగమ్మ ఊరుకుంటుందా, తిన్నవా అని అడిగింది. "నాకు తిండి ఉండదమ్మా, మీరు తిన్నారా?" అందట.

"నాగమ్మ ఏమంది?"

"పాపం అన్నది. అన్నంక, నిజం జెప్పింది, ఇగ నమ్మొచ్చు అన్నది."

"మరి పెట్టేసేటప్పుడు?"

"గదే సెప్తున్న! ఉంట మరి అన్నది నాగమ్మ. మంచిదమ్మా, ఫోన్ పెట్టేస్తున్నాను అని వెట్టేసిందంట!" ఆ గొంతులో గెలుపు నాకు గుడివాడ దాకా వినిపించింది. "నలుగురొచ్చి నా అరుగు మీదనే కూసున్నరు అక్కా, చాయ్ వెట్టాలె. ఉంట మరి."

"ఉంటానండీ" అన్నాను నేను.

ఇద్దరం ఉంటామని చెప్పుకుని, ఇద్దరం పెట్టేశాం.